తుమ్మలపల్లి చెరువు నుంచి కల్పాక్కం గాజు దాకా: అణు ఇంధనానికి కాపలా ఎవరిది?

పెన్నా_పాఠకుడు

సభ్యులందరికీ నమస్కారం. మా మేనమామ గారి ఊరు వైఎస్సార్ కడప జిల్లా వేముల మండలంలో ఉంది. తుమ్మలపల్లి యురేనియం గని, శుద్ధి కర్మాగారం అక్కడికి దగ్గరే. 2018, 2019లలో చుట్టుపక్కల రైతులు బోరు నీళ్లు చెడిపోయాయని, అరటి తోటలు దెబ్బతింటున్నాయని ఫిర్యాదు చేయడం, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ఆ గని నడిపే కేంద్ర ప్రభుత్వ సంస్థ యూసీఐఎల్‌కు నోటీసులు ఇవ్వడం, నిపుణుల సంఘం వేయడం పత్రికల్లో అందరూ చదివిందే. ఆ ప్రాంతపు రాళ్లలోనే యురేనియం ఉందని, నీళ్లలో కనిపించేది సహజంగా ఉన్నదేనని సంస్థ అంటూ వచ్చింది.

నేను తెలుసుకోదలచింది వేరు. గనిలో తవ్విన రాయి మొదలు రియాక్టరులో కాలిన ఇంధనం దాకా ఒక్కొక్క మెట్టు మీద చట్టం ప్రకారం కాపలా ఎవరిది? నీళ్లు తాగవచ్చో లేదో ఊరి వాళ్లకు చెప్పాల్సిన బాధ్యత ఏ కార్యాలయానిది? 2025 డిసెంబరులో పార్లమెంటు కొత్త అణుశక్తి చట్టం చేసింది కదా, దానివల్ల ఇందులో ఏమైనా మారుతుందా? తెలిసినవారు వివరంగా రాయండి. పెద్దలకు చదివి వినిపించాలని ఉంది.

మౌలాలి_మాస్టారు

బాబూ, మంచి ప్రశ్న వేశావు. హైదరాబాదులో ఇంధన తయారీలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. ముందు దారి ఏమిటో చెబితే కాపలాదారుల సంగతి తర్వాత తేలికగా అర్థమవుతుంది.

తుమ్మలపల్లి ఖనిజం సున్నపు జాతి రాయిలో ఉంటుంది. ఝార్ఖండ్‌లోని జాదుగూడలో చేసినట్టు ఆమ్లం పోస్తే ఇక్కడ ఆమ్లమంతా రాయితోనే ఖర్చయిపోతుంది. అందుకని రాయిని మెత్తగా నూరి సోడియం కార్బొనేటు, బైకార్బొనేటు ద్రావణంలో ఆక్సిజన్ పెట్టి, ఒత్తిడి మీద, వేడి మీద యురేనియాన్ని కరిగిస్తారు. చివరికి సోడియం డైయురేనేటుగా పేరుకుంటుంది. పసుపు రంగులో ఉండే ఈ పదార్థాన్నే ఎల్లో కేక్ అంటారు. డ్రమ్ముల్లో నింపి లారీల మీద హైదరాబాదుకు పంపుతారు.

1971లో ఏర్పడిన అణు ఇంధన సముదాయంలో, అంటే ఎన్‌ఎఫ్‌సీలో, దాన్ని నైట్రిక్ ఆమ్లంలో కరిగించి, ద్రావకంతో మలినాలు వేరు చేసి, అమ్మోనియాతో మళ్లీ పేరుకొనేలా చేసి, కాల్చి, యురేనియం డయాక్సైడు పొడిగా మారుస్తారు. ఆ పొడిని చిన్న చిన్న స్తంభాల ఆకారంలో నొక్కి, హైడ్రోజన్ వాతావరణంలో దాదాపు 1,700 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాలుస్తారు. బయటికి వచ్చేటప్పటికి నల్లగా, నున్నగా, చూపుకు మించిన బరువుతో ఉంటుంది గుళిక. వాటిని జిర్కోనియం మిశ్రమ లోహపు గొట్టాల్లో పేర్చి, రెండు కొసలూ మూతపెట్టి వెల్డింగ్ చేసి, హీలియంతో లీకు పరీక్ష చేసి, 19 గొట్టాల కట్టగానో 37 గొట్టాల కట్టగానో రియాక్టర్లకు పంపుతారు.

ఈ దశలో భయపడాల్సింది గుళికను ముట్టుకోవడం గురించి కాదు. రియాక్టరులోకి వెళ్లని సహజ యురేనియం గుళికను తొడుగు వేసుకున్న చేత్తో పట్టుకోవచ్చు. ప్రమాదమల్లా పొడి ఊపిరితిత్తుల్లోకి పోవడంతో. అందుకే గాలిని వడకట్టి చూడటం, మూత్రంలో యురేనియం కొలవడం, ఛాతీ మీద డోసు బ్యాడ్జీ పెట్టుకోవడం తప్పనిసరి. కార్మికుడికి అయిదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు (ఒంటికి సోకే రేడియేషన్‌కు కొలమానం), ఏ ఒక్క ఏడాదిలోనూ 30 మించకూడదు. సాధారణ ప్రజలకు ఏడాదికి 1. ఈ హద్దులు పెట్టింది అణుశక్తి నియంత్రణ మండలి, అంటే ఏఈఆర్‌బీ. తయారీలో పాటించే క్రమశిక్షణ మీద నాకు నమ్మకం ఉంది. ఎన్‌ఎఫ్‌సీ వంటి చోట రేడియేషన్ కంటే ద్రవ వ్యర్థాల్లోని నైట్రేట్ల సమస్యే పెద్దదని నా అభిప్రాయం.

కోర్టుమెట్లు

చట్టం సంగతి నేను చెబుతాను.

ఇన్నేళ్లూ మూలం 1962 అణుశక్తి చట్టం. దాని కిందే నియమావళులు వచ్చాయి. గనులకు, ఖనిజాలకు 1984లో, రేడియోధార్మిక వ్యర్థాల పారవేతకు 1987లో, కర్మాగారాలకు 1996లో, రేడియేషన్ రక్షణకు 2004లో. 1987 నియమాల ప్రకారం అనుమతి లేకుండా ఎవరూ రేడియోధార్మిక వ్యర్థాలను పారవేయడానికి వీల్లేదు. ఎంత, ఎక్కడ, ఏ రూపంలో అన్నది అనుమతి పత్రంలో ఉండాలి, లెక్కలు రాసి ఉంచాలి. కాగితం మీద చూస్తే ఇది బలహీనమైన వ్యవస్థ కాదు.

లోపం పైమెట్టులో ఉంది. ఏఈఆర్‌బీని 1983 నవంబరు 15న ఒక ప్రభుత్వ ఉత్తర్వుతో ఏర్పాటు చేశారు. అది అణుశక్తి సంఘానికి జవాబుదారీ. ఆ సంఘం అధ్యక్షుడే అణుశక్తి శాఖ కార్యదర్శి. యూసీఐఎల్, ఎన్‌ఎఫ్‌సీ, రియాక్టర్లు నడిపే ఎన్‌పీసీఐఎల్, అన్నీ ఆ శాఖవే. తనిఖీ చేసేవారూ చేయించుకునేవారూ ఒకే పెద్దకు నివేదించుకునే ఏర్పాటు ఇది. 2012లో కాగ్ నివేదిక ఈ విషయాన్ని గట్టిగానే ఎత్తిచూపింది. 2011లో స్వతంత్ర నియంత్రణ సంస్థ కోసం లోక్‌సభలో బిల్లు పెట్టారు, 2014లో సభతో పాటే అది మురిగిపోయింది. 2015లో వచ్చిన అంతర్జాతీయ అణుశక్తి సంస్థ నిపుణుల బృందం కూడా ఏఈఆర్‌బీ స్వతంత్రతను చట్టంలోనే రాసుకోమని సూచించింది.

నువ్వు అడిగిన 2025 డిసెంబరు నాటి కొత్త చట్టం, పొట్టి పేరు శాంతి, 1962 చట్టాన్నీ, 2010 అణు నష్ట బాధ్యత చట్టాన్నీ తొలగించి వాటి స్థానంలో వచ్చింది. ప్రైవేటు కంపెనీలకు తలుపు తెరిచింది. యురేనియంలో మండే రకం వాటాను పెంచడం (ఎన్‌రిచ్‌మెంట్), వాడిన ఇంధనాన్ని పునఃశుద్ధి చేయడం, అత్యధిక రేడియోధార్మిక వ్యర్థాల నిర్వహణ, భారజలం తయారీ కేంద్రం చేతిలోనే ఉంచింది. ఏఈఆర్‌బీకి మొదటిసారి చట్టబద్ధ హోదా ఇచ్చింది. ఇది నిజమైన ముందడుగు. అయితే నియామకాలు ఇప్పటికీ కేంద్ర ప్రభుత్వానివే. చట్టంలో పేరు ఎక్కినంత మాత్రాన వెన్నెముక వస్తుందని నేను అనుకోను.

బొగ్గు_ఇంజనీరు

థర్మల్ విద్యుత్తులో జీవితం గడిపినవాడిగా ఒక మాట. ఇదే కడప జిల్లాలో ముద్దనూరు దగ్గర రాయలసీమ థర్మల్ కేంద్రం ఉంది. బూడిద చెరువులు ఎలా ఉంటాయో అక్కడ చూడండి. బొగ్గు బూడిదలోనూ యురేనియం, థోరియం ఉంటాయి, పాదరసం, ఆర్సెనిక్ ఉంటాయి. పాదరసం, ఆర్సెనిక్‌లకు అర్ధాయువు, అంటే సగానికి తగ్గే కాలం, అంటూ లేదు, ఎప్పటికీ అలాగే ఉంటాయి. అణు విద్యుత్తులో వ్యర్థం పరిమాణం చాలా తక్కువ. వాడిన ఇంధనంలో అధిక భాగాన్ని పునఃశుద్ధిలో తిరిగి వాడుకోవచ్చు, చివరికి మిగిలే తీవ్రమైన వ్యర్థం రెండు మూడు శాతమేనని ప్రభుత్వం చెబుతోంది. దాన్నీ గాజులో బిగిస్తారు. ఇంత కట్టుదిట్టంగా ఉన్న రంగాన్నే అనుమానించడం దేశానికి మేలు చేయదని మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను.

భూజల_పరిశీలకురాలు

ఇంజనీరు గారూ, మీరు చెప్పిన రెండు మూడు శాతం రియాక్టరు నుంచి బయటికి వచ్చిన ఇంధనం లెక్క. వేముల మండలం వారు అడుగుతున్నది రియాక్టరుకు చాలా ముందు మెట్టు గురించి. అక్కడ లెక్క పూర్తిగా తిరగబడుతుంది.

తుమ్మలపల్లి ఖనిజంలో యురేనియం దాదాపు 0.04 శాతం. అంటే టన్ను రాయికి 400 గ్రాములు. కర్మాగారం సామర్థ్యం రోజుకు 3,000 టన్నుల రాయి. యురేనియం తీసేశాక మిగిలిన పిండి దాదాపు మొత్తం వ్యర్థమే. కొంత గనిలో నింపడానికి వాడినా, మిగిలింది గొట్టంలో వెళ్లి టెయిలింగ్ పాండ్‌లో చేరుతుంది. ఊరి వాళ్లు చెరువు అనేది దాన్నే. అసలు విషయం ఇంకా ఉంది. యురేనియాన్ని తీశారు గానీ, అది కోట్ల ఏళ్లుగా విచ్ఛిన్నమవుతూ పుట్టించిన థోరియం-230, రేడియం-226 ఆ పిండిలోనే ఉండిపోతాయి. రాయిలో మొదట ఉన్న రేడియోధార్మికతలో దాదాపు 85 శాతం చెరువులోకే చేరుతుంది. రేడియం అర్ధాయువు 1,600 ఏళ్లు. థోరియం-230ది 75,000 ఏళ్లకు పైనే. దీన్ని గాజులో బిగించరు, ఉక్కు డబ్బాలో పెట్టరు. ఆకాశం కిందే ఉంటుంది.

ఆమ్లం బదులు కార్బొనేటు వాడటంలో ఒక చిక్కు ఉంది. కార్బొనేటుతో కలిసిన యురేనియం నీళ్లలో తేలికగా ప్రయాణిస్తుంది, మట్టికి అంత గట్టిగా అంటుకోదు. కాబట్టి చెరువు అడుగున వేసే పొర ఇక్కడ అన్నిటికంటే ముఖ్యమైన భద్రతా సాధనం. తుమ్మలపల్లి వివాదంలో ప్రధాన ఆరోపణ కూడా అదే, అనుమతి షరతుల్లో చెప్పినట్టు ఆ పొర వేయలేదని. సంస్థ దాన్ని ఒప్పుకోలేదు.

సహజమా, చెరువుదా అన్న ప్రశ్నకు శాస్త్రంలో జవాబు దొరకకపోదు. మూడు రకాలుగా చూడవచ్చు. గని రాకముందు అదే బోర్లలో యురేనియం ఎంత ఉండేదన్న పాత కొలతలు మొదటిది. చెరువు నీటికి తనదైన గుర్తు ఉంటుంది, సోడియం, సల్ఫేటు, కార్బొనేటు బాగా ఎక్కువ. ఒక బోరులో యురేనియం పెరిగి, దానితో పాటే సోడియం, సల్ఫేటు కూడా పెరిగితే అనుమానం చెరువు వైపు తిరుగుతుంది. యురేనియం ఒక్కటే ఎక్కువగా ఉండి మిగతావి మామూలుగా ఉంటే రాతి నుంచి వచ్చి ఉండవచ్చు. ఇక మూడోది యురేనియంలోని రెండు రకాల, అంటే యురేనియం-234, 238ల, రేడియోధార్మికతల నిష్పత్తి. భూమిలో నెమ్మదిగా కరిగిన నీళ్లలో సాధారణంగా అది ఒకటి కంటే ఎక్కువ ఉంటుంది. మిల్లులో రాయిని నూరి మొత్తంగా కరిగించినప్పుడు ఒకటికి దగ్గరగా ఉంటుంది. ఏ ఒక్కటీ విడిగా తీర్పు చెప్పదు. మూడూ కలిపి, నాలుగైదు రుతువులు చూస్తే వాదనకు పెద్దగా చోటు ఉండదు.

తాగునీటికి హద్దు విషయంలోనూ తేడా ఉంది. ఏఈఆర్‌బీ లీటరుకు 60 మైక్రోగ్రాములు అంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 30 అంటుంది, భారత ప్రమాణాల సంస్థ కూడా 30కే వచ్చింది. 45 వచ్చిన బోరు ఒక కార్యాలయం లెక్కలో పాసు, ఇంకొక కార్యాలయం లెక్కలో ఫెయిలు. రైతుకు ఏమని చెబుతారు? నీళ్లలోని యురేనియం మొదట దెబ్బతీసేది మూత్రపిండాలను, అదీ రసాయన విషంగా. కాబట్టి ఇలాంటి చోట తక్కువ హద్దునే పట్టుకోవాలని నా గట్టి అభిప్రాయం.

పెన్నా_పాఠకుడు

అమ్మా, ఇంత విడమరిచి చెప్పినవాళ్లు ఇప్పటిదాకా లేరు. కృతజ్ఞతలు. మరి ఆ పాత కొలతలు, ఇప్పటి కొలతలు ఎవరి దగ్గర ఉంటాయి?

భూజల_పరిశీలకురాలు

ప్రతి అణు కేంద్రం దగ్గరా పర్యావరణ సర్వే ప్రయోగశాల ఉంటుంది. దాన్ని నడిపేది భాభా అణు పరిశోధన కేంద్రం, అంటే బార్క్. తుమ్మలపల్లిలోనూ ఉంది. అక్కడి శాస్త్రవేత్తల సామర్థ్యం మీద నాకు సందేహం లేదు, వాళ్ల పరిశోధన పత్రాలు చదువుతూనే ఉంటాను. కానీ బార్క్ కూడా అణుశక్తి శాఖలోదే. కొలిచేవారు, నడిపేవారు ఒకే ఇంటివారు అయినప్పుడు కొలత ఎంత సరైనదైనా ఊరు నమ్మదు. కొలతలు బోరు వారీగా, తేదీ వారీగా తెలుగులో పంచాయతీ గోడ మీద అంటిస్తే సగం గొడవ ఆ రోజే తగ్గుతుంది.

మౌలాలి_మాస్టారు

అమ్మా, ఆ మాట ఒప్పుకుంటాను. కొలతలు దాచాల్సిన అవసరం ఏమీ లేదు. లోపలి మనుషులకు అలవాటు అలా పడింది, 1962 చట్టంలో సమాచారం బయటికి పోకుండా ఆపే సెక్షన్ ఉండటం దానికి ఒక కారణం.

గాజు గురించి ఇంజనీరు గారు ప్రస్తావించారు కాబట్టి అదీ చెబుతాను. రియాక్టరు నుంచి తీసిన ఇంధనాన్ని ముందు కొన్నేళ్లు నీటి కొలనులో చల్లారుస్తారు. ఆ తర్వాత ట్రాంబే, తారాపూర్, కల్పాక్కంలలోని పునఃశుద్ధి కర్మాగారాల్లో నైట్రిక్ ఆమ్లంలో కరిగించి, మిగిలిన యురేనియం, కొత్తగా పుట్టిన ప్లుటోనియం తీసుకుంటారు. మిగిలిన ద్రవంలో సీజియం, స్ట్రాన్షియం వంటివన్నీ ఉంటాయి. దాన్ని ఆవిరి చేసి, బోరోసిలికేటు గాజుతో కలిపి కొలిమిలో కరిగించి, తుప్పు పట్టని ఉక్కు డబ్బాల్లో పోసి మూసేస్తారు. తారాపూర్‌లో అలాంటి డబ్బాలను గాలి దానంతట అదే ప్రవహించి చల్లార్చేలా కట్టిన గదుల్లో ఉంచుతారు. లోతైన భూగర్భ నిల్వ కేంద్రం మన దేశంలో ఇంకా లేదు. పరిమాణం తక్కువ కాబట్టి ఇప్పట్లో అవసరం లేదన్నది శాఖ వాదన.

తక్కువ స్థాయి వ్యర్థాలను, అంటే తొడుగులు, వడపోత గుడ్డలు, బురద లాంటివాటిని, ప్రతి కేంద్రం ఆవరణలోనే కాంక్రీటు కందకాల్లో, నిలువు గొట్టపు గుంతల్లో పెడతారు. వాటికి 300 ఏళ్ల కాపలా అని లెక్క. సీజియం-137, స్ట్రాన్షియం-90ల అర్ధాయువు 30 ఏళ్ల చుట్టూ. పది అర్ధాయువులు గడిస్తే వెయ్యో వంతుకు తగ్గుతుంది. ఆ లెక్క మీద 300.

కోర్టుమెట్లు

మాస్టారు గారు చెప్పినదానికి ముఖ్యమైన విషయం ఒకటి చేర్చాలి. 2000లో వచ్చిన ఉత్తర్వుతో బార్క్ కేంద్రాలను ఏఈఆర్‌బీ పరిధి నుంచి తప్పించారు. వాటి భద్రతను బార్క్ సొంత భద్రతా మండలి చూసుకుంటూ వచ్చింది. పునఃశుద్ధి, గాజుగా మార్చే పనిలో చాలా భాగం బార్క్ చేతిలోదే. అంటే ఇంధన చక్రంలో అన్నిటికంటే తీవ్రమైన వ్యర్థం ఉన్న చోట బయటి నియంత్రణ సంస్థ కన్ను లేదన్నమాట. సైనిక అవసరాల రహస్యం ఒక కారణంగా చెబుతారు. రహస్యం ప్లుటోనియం లెక్కలకు ఉండనివ్వండి. కొలను గోడకు, డబ్బా వెల్డింగుకు రహస్యం ఎందుకు?

2010 నష్ట బాధ్యత చట్టం గురించి కూడా చాలామందికి తప్పుడు అభిప్రాయం ఉంది. రియాక్టరు నడిపేవారికి 1,500 కోట్ల రూపాయలు, పునఃశుద్ధి కర్మాగారానికి 300 కోట్లు, మిగతా ఇంధన కేంద్రాలకు, రవాణాకు 100 కోట్లు హద్దుగా పెట్టారు. కానీ ఆ చట్టంలోని నిర్వచనాలు చూస్తే సహజ యురేనియం తవ్వే గని, శుద్ధి చేసే మిల్లు వాటిలోకి రావు. టెయిలింగ్ పాండ్ తెగితే రైతు ఆ చట్టం కింద పైసా అడగలేడు. నీటి కాలుష్య చట్టం, హరిత ట్రిబ్యునల్, మామూలు సివిల్ దావా, ఇవే దారులు. ఊళ్లో పెద్దలకు ఇది తప్పకుండా చెప్పండి.

మిషిగన్_తీరం

అమెరికా నుంచి రాస్తున్నాను, ఇలినాయ్ రాష్ట్రంలో ఉంటాం. ఇక్కడ వ్యవస్థ గొప్పదని చెప్పబోవడం లేదు. రెండు విషయాలు మాత్రం మనకు పనికొస్తాయి.

ఒకప్పుడు ఇక్కడ కూడా ప్రోత్సహించేదీ నియంత్రించేదీ ఒకే సంస్థ, అణుశక్తి కమిషన్. 1974 చట్టంతో దాన్ని చీల్చి నియంత్రణను వేరే కమిషన్‌కు ఇచ్చారు. మనం అర్ధ శతాబ్దం తర్వాత అదే చర్చ చేస్తున్నాం.

మిల్లు వ్యర్థాల మీద 1978లో ప్రత్యేకంగా చట్టం చేశారు. ఆ చట్టం కింద వచ్చిన ప్రమాణాల ప్రకారం టెయిలింగ్ గుట్ట మీద కప్పే పొర సాధ్యమైనంత వరకు 1,000 ఏళ్లు, ఎట్టి పరిస్థితుల్లోనూ 200 ఏళ్లకు తక్కువ కాకుండా నిలవాలి. చట్టం వచ్చిన మరుసటి ఏడాదే, 1979 జూలై 16న, న్యూ మెక్సికోలోని చర్చ్ రాక్ దగ్గర టెయిలింగ్ కట్ట తెగింది. 1,100 టన్నుల పిండి, 9 కోట్ల గాలన్లకు పైగా నీళ్లు పుయెర్కో నదిలోకి వెళ్లాయి. దిగువన నవాహో ఆదివాసీ గొర్రెల కాపరులు. అదే ఏడాది మార్చిలో జరిగిన త్రీ మైల్ ఐలండ్ రియాక్టరు ప్రమాదం ప్రపంచానికంతా తెలుసు. చర్చ్ రాక్ పేరు ఎంతమందికి తెలుసు? చెరువు కట్ట తెగితే అది వార్త కాదు, రియాక్టరు అయితేనే వార్త. ఈ ధోరణి మన దగ్గరా ఉంది, నాకు బాధ కలిగించేది అదే.

ఇక వాడిన ఇంధనం. మిషిగన్ సరస్సు ఒడ్డున జయాన్ అనే చోట అణు కేంద్రం 1998లో మూతపడింది. కట్టడాలు కూల్చేశారు. ఇంధనం మాత్రం 61 కాంక్రీటు పీపాల్లో ఆ ఒడ్డునే ఉండిపోయింది. 1998 జనవరి 31 నాటికి కంపెనీల దగ్గరి వాడిన ఇంధనాన్ని తీసుకోవడం మొదలుపెడతామని కేంద్ర ప్రభుత్వం చట్టబద్ధంగా మాట ఇచ్చింది. నెవాడాలోని యక్కా కొండ కింద తలపెట్టిన భూగర్భ నిల్వ ఆగిపోయింది, మాట నిలబడలేదు, కంపెనీలకు వందల కోట్ల డాలర్ల పరిహారం ప్రజల పన్నుల నుంచి పోతోంది. ఫిన్లాండ్‌లో ఒన్‌కలో అనే భూగర్భ నిల్వను 400 మీటర్ల లోతున తవ్వారు. అక్కడ ఆ ఊరి పాలకమండలికి కాదనే హక్కు చట్టంలోనే ఉంది. అడిగి, ఒప్పించి కట్టారు.

రణస్థలం_టీచరమ్మ

శ్రీకాకుళం జిల్లా నుంచి. మా కొవ్వాడలో ఒక్కొక్కటి 1,208 మెగావాట్ల చొప్పున ఆరు అమెరికన్ రియాక్టర్ల ప్రతిపాదన ఉంది. గుజరాత్‌లోని మీఠీవిర్దిలో కట్టాల్సినవి అక్కడి వ్యతిరేకత తర్వాత ఇటు వచ్చాయి. మత్స్యకార కుటుంబాలతో మాట్లాడినప్పుడు పరిహారం, పునరావాసం గురించే అడుగుతారు. వాడిన ఇంధనం ఎక్కడ పెడతారన్న ప్రశ్న సభల్లో ఎప్పుడూ రాదు. జయాన్ సంగతి చదివాక నాకు అదే ప్రశ్న తిరుగుతోంది. కోర్టుమెట్లు గారూ, మన దేశంలో దీనిపై ఏమైనా తీర్పు ఉందా?

కోర్టుమెట్లు

ఉందమ్మా. తమిళనాడులోని కూడంకుళం అణు కేంద్రం కేసులో 2013 మే 6న సుప్రీంకోర్టు రియాక్టర్లకు అనుమతి ఇస్తూనే, వాడిన ఇంధనాన్ని రియాక్టరుకు దూరంగా నిల్వ చేసే కేంద్రం కట్టాలని చెప్పింది. అయిదేళ్ల గడువు. 2018లో ఎన్‌పీసీఐఎల్ అడిగితే 2022 దాకా పొడిగించింది. ఇంతకు ముందు అలాంటి కేంద్రం కట్టిన అనుభవం లేదని, పని కష్టమని కారణం చెప్పారు. అప్పటికే రియాక్టరు నడుస్తోంది, ఇంధనం కొలనులో చేరుతోంది, దాన్ని పెట్టాల్సిన చోటు మాత్రం సిద్ధం కాలేదు. క్రమం తలకిందులైంది. కొవ్వాడలో అడగాల్సింది సరిగ్గా ఇదే: కాంక్రీటు పోయకముందే నిల్వ ఎక్కడో, ఎన్నేళ్లో, ఎవరి ఖర్చో కాగితం మీద చూపించండి అని. కొత్త చట్టంలో వాడిన ఇంధనం చల్లారాక కేంద్రం స్వాధీనంలోకి వెళ్లే ఏర్పాటు ఉంది. ఎప్పటిలోగా అన్నదే అసలు ప్రశ్న. యంత్రాలు సరఫరా చేసిన కంపెనీ మీద తిరిగి వసూలు చేసుకోవడానికి 2010 చట్టంలో ఉన్న వీలును కూడా ఇందులో తగ్గించారు.

నల్లమల_బిడ్డ

కాపలా గని దగ్గర మొదలవుతుందని అందరూ రాస్తున్నారు. అంతకు ముందే మొదలవాలి. నల్గొండలో నాగార్జునసాగర్ జలాశయం దగ్గర లంబాపూర్, పెద్దగట్టు గనుల ప్రతిపాదన ప్రజలు ఎదురు నిలిస్తేనే ఆగింది. 2019లో ఆమ్రాబాద్ అడవిలో అన్వేషణ బోర్ల మాట వచ్చినప్పుడు చెంచు పెంటల నుంచి హైదరాబాదు దాకా గొంతులు కలిశాయి, సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. 2024లో కర్నూలు జిల్లా కప్పట్రాళ్లలోనూ అదే జరిగింది. ఇవన్నీ చట్టం ఇచ్చిన రక్షణ వల్ల ఆగినవి కావు, మనుషులు రోడ్డు మీదికి వస్తే ఆగినవి.

ఇప్పుడు ఆ చిన్న తలుపు కూడా మూస్తున్నారు. 2025 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ అణు ఖనిజాల, కీలక ఖనిజాల గనులకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదని ఉత్తర్వు ఇచ్చింది. దేశ భద్రత కారణమట. ఊరి వాడు తన బోరు గురించి మైకు పట్టుకుని అడిగితే దేశ భద్రతకు వచ్చే నష్టం ఏమిటో నాకు అర్థం కాలేదు. నియంత్రణ సంస్థకు ఎంత హోదా ఇచ్చినా, మొదటి ప్రశ్న అడిగే చోటు తీసేస్తే అది ఎవరి తరఫున పనిచేస్తుంది?

బొగ్గు_ఇంజనీరు

అణు విద్యుత్తు అవసరమన్న నా మాట మీద ఇప్పటికీ నిలబడతాను. కానీ ప్రజాభిప్రాయ సేకరణ తీసేయడం తప్పు. మా రంగంలో బూడిద చెరువుల మీద ఒత్తిడి పెరిగింది ఊళ్లు అడగడం వల్లే. అడగకుండా ఎవరూ పొర మందం పెంచలేదు. టెయిలింగ్ పాండ్‌కు గని మూసేశాక దశాబ్దాల ఖర్చు ఉంటుంది. ఆ డబ్బు ఇప్పుడే విడిగా జమ చేయించే నిబంధన ఉండాలి. గని ఖాళీ అయ్యాక కంపెనీకి ఆదాయం ఉండదు, చెరువు మాత్రం ఉంటుంది.

నిర్వాహకులు

చర్చ మర్యాదగా, విషయం మీదే సాగుతున్నందుకు సంతోషం. మొదట ప్రశ్న అడిగిన సభ్యుడికి ఉపయోగపడేలా ముందుకు తీసుకెళ్లండి. ఉద్యోగుల పేర్లు, ఫోను నంబర్లు ఎవరూ రాయవద్దు.

పెన్నా_పాఠకుడు

అందరికీ నమస్సులు. నాకు అర్థమైనంత వరకు తుమ్మలపల్లిలో రేడియేషన్ వరకు ఏఈఆర్‌బీ, కార్మికుల గని భద్రత గనుల భద్రతా డైరెక్టరేటు, నీళ్లు, గాలి రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి, పర్యావరణ అనుమతి కేంద్ర శాఖ, కొలతలు బార్క్. ఇంతమంది ఉన్నారు, కానీ ఫలానా బోరు నీళ్లు తాగవద్దని బోర్డు పెట్టాల్సిన అధికారి ఒక్కరూ లేరు. సమాచార హక్కు కింద ఏం అడగాలో, ఎవరిని అడగాలో చెప్పండి. మా బావమరిది పంచాయతీ వార్డు సభ్యుడు, దరఖాస్తు వేస్తానంటున్నాడు.

కోర్టుమెట్లు

ఏఈఆర్‌బీ, అణుశక్తి శాఖ రెండూ సమాచార హక్కు చట్టం పరిధిలోనే ఉన్నాయి, మినహాయింపు జాబితాలో లేవు. కాలుష్య నియంత్రణ మండలిని అడగండి: స్థాపనకు, నడపడానికి ఇచ్చిన అనుమతి పత్రాలు, చెరువు పొర గురించిన షరతు, ఆ షరతు అమలైందని తనిఖీ చేసిన నివేదిక, నిపుణుల సంఘం నివేదిక. ఏఈఆర్‌బీని అడగండి: తనిఖీ నివేదికలు, చెరువు చుట్టూ ఉన్న పరిశీలక బోర్ల కొలతలు. పర్యావరణ ప్రభావ అంచనా నివేదికలో గనికి ముందటి నీటి కొలతలు ఉంటాయి, దాని ప్రతి జిల్లా కేంద్రంలోనే దొరకాలి. ‘ఎందుకు’ అని అడగవద్దు, తప్పించుకుంటారు. ఏ కాగితం కావాలో దాని పేరు రాసి ప్రతి అడగండి.

భూజల_పరిశీలకురాలు

కాగితాలు వచ్చేలోగా నీళ్లు మీరే పట్టి ఉంచండి. చెరువుకు దగ్గరి బోరు ఒకటి, ఎగువన దూరంగా ఉన్న బోరు ఒకటి తప్పనిసరి. మోటారు వేయగానే పట్టకండి, గొట్టంలో నిలిచిన నీళ్లు పోయేదాకా కొంతసేపు వదిలి పట్టండి. రెండు సీసాలు కావాలి. ఒకటి సన్నని వడపోత కాగితంతో వడకట్టి, ప్రయోగశాల వారు ఇచ్చే నైట్రిక్ ఆమ్లం చుక్కలు వేసినది, యురేనియం కోసం. ఆమ్లం వేయకపోతే యురేనియం కొంత సీసా గోడకు అంటుకుని లెక్క తగ్గుతుంది. రెండోది ఆమ్లం లేకుండా, సల్ఫేటు, కార్బొనేటుల కోసం. సోడియం ఏ సీసాలోనైనా చూడవచ్చు. సీసా మీద బోరు సర్వే నంబరు, లోతు, తేదీ రాసి, పంచాయతీ కార్యదర్శి ఎదుట మూత మీద సంతకం చేయించండి. ప్రతి నమూనాకు జత సీసా ఒకటి ఊళ్లోనే ఉంచుకోండి, రేపు ఫలితం మీద వివాదం వస్తే రెండో ప్రయోగశాలకు పంపవచ్చు. వానలకు ముందు ఒకసారి, వానలు తగ్గాక ఒకసారి, అవే బోర్లలో పట్టండి. మొదటి ఫలితాలు వచ్చాక ఇక్కడ పెట్టండి, సోడియం, సల్ఫేటు, యురేనియం అంకెలు పక్కపక్కన వేసి నేను చూస్తాను.